చేతులు తీసినా ఆగని గిటార్

కిందటి వారం భానును విజయవాడ నుంచి కొత్తగూడెం వచ్చే బస్సులో వదిలాం. ఒళ్లో కొత్త ఆంప్ ఉంది, చేతిలో అప్పుడే మాట్లాడి పెట్టేసిన ఫోన్ ఉంది.

ముందు ఆంప్ సంగతి, అంటే గిటార్ మోతను పెంచి వినిపించే పెట్టె సంగతి. భాను ‘వెన్నెలవాగు’ ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తుంది. రిసెప్షన్లు, గణపతి మంటపాలు, గనుల కాలనీల్లో క్లబ్బు ఫంక్షన్లు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వ్యానులో వెళ్లే బృందం అది. పాత ఆంప్ మూలుగుతోందని కొత్తది కొనడానికి వెళ్లింది. దుకాణంలో రెండు వస్తువుల మధ్య చాలాసేపు తేల్చుకోలేకపోయింది. ఒకటి ప్రాసెసర్. ఏ సినిమా పాటలో గిటార్ ఎలా ఉంటుందో ఆ గొంతు అందులో తయారుగా ఉంటుంది, కాలితో మీట నొక్కితే చాలు. ఆర్కెస్ట్రా నడిపే సంపత్ అదే తెమ్మన్నాడు. రెండోది చిన్న ట్యూబు ఆంప్. దానికి ఒకటే గొంతు. కాకపోతే వేలు మెల్లగా తాకితే మెల్లగా పలుకుతుంది, గట్టిగా తాకితే కసురుకుంటుంది. భాను రెండోదే కొంది. దాంతోపాటు, వైరు అక్కర్లేకుండా గిటార్‌ను ఆంప్‌తో కలిపే చిన్న వైర్‌లెస్ జత ఒకటి తీసుకుంది.

ఇక ఫోన్. చేసింది శోభారాణి. గోదావరిఖనిలో పుట్టి, హైదరాబాదులో వయొలిన్ వాయిస్తూ సొంత బృందం నడుపుతున్న మనిషి. “వైరాల మీ ప్రోగ్రాం చూసిన. నా దగ్గర గిటార్‌కి మనిషి కావాలె. భద్రాచలం షోకి వస్తున్న, ఇంకోసారి విని చెప్త” అంది. ఈ మాట భాను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అమ్మ గురవమ్మకు కూడా చెప్పలేదు.

ఆ షో ఇవాళే.

జూనియర్ కాలేజీ మైదానంలో స్టేజి కట్టారు. వర్తక సంఘం వార్షికోత్సవం. కరకట్ట మీదుగా వచ్చే గాలికి వెనక కట్టిన ఫ్లెక్సీ ఉబ్బుతూ, మళ్లీ కొయ్యలకు అతుక్కుంటూ ఉంది. దాని మీద అందరికంటే పెద్ద బొమ్మ భానుదే. ఎర్ర గిటార్ పట్టుకుని తల కొంచెం వంచి నవ్వుతూ ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో ఆడవాళ్లు పాడటం మామూలే. లీడ్ గిటార్ వాయించే ఆడమనిషి కోసం మాత్రం ‘వెన్నెలవాగు’నే పిలవాలి.

స్టేజికి ఎదురుగా, మైదానం మధ్యలో చిన్న టెంటు కింద మిక్సర్ ముందర మంగీలాల్ కూర్చున్నాడు. ఏన్కూరు దగ్గర తండా అతనిది. ఐటీఐ చదివి సౌండు పనిలోకి వచ్చాడు. స్టేజి మీద మోగేదంతా వైర్ల మీదుగా అతని దగ్గరికి వస్తుంది. ఏది ఎంత వినిపించాలో అక్కడ అతను సరిచేసి పెద్ద స్పీకర్లకు పంపిస్తాడు.

ఎండ ఇంకా తగ్గలేదు. సంఘం పెద్దలు ఇద్దరు సౌండ్ చెక్ చూడటానికి వచ్చి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. “ఒక పాట పూర్తిగా వినిపించుర్రి” అన్నారు. కీబోర్డు దగ్గర నుంచి సంపత్ తల ఊపాడు. గాయకుడు తిరుమల గొంతు సవరించుకుని అందుకున్నాడు.

భాను ఇన్నేళ్లలో ఎన్నడూ స్టేజి దిగి తమ పాట వినలేదు. వినడానికి వీలూ లేదు. ఆంప్‌కు కట్టిన వైరు ఎంత దూరం రానిస్తే అంత దూరమే ఆమె తిరగగలిగేది. ఇవాళ ఆ వైరు లేదు. చరణం నడుస్తుండగా, వాయిస్తూనే పక్క మెట్ల మీదుగా కిందికి దిగింది. కొత్త ఆంప్ జనానికి ఎలా వినిపిస్తుందో చూద్దామని ఆమె ఉద్దేశం.

ఆమె దిగడం చూసి మంగీలాల్ లేచి నిలబడ్డాడు. చెయ్యి అడ్డంగా ఊపాడు. తనను పిలుస్తున్నాడనుకుని భాను అటే నడిచింది.

ముందు వరస దాటాక తేడా తెలిసింది. స్పీకర్లలో గిటార్ బాగుంది. చాలా బాగుంది. కానీ తను కొన్న ఆంప్ గొంతులా లేదు. మైకులో పడి స్పీకర్లలోకి వచ్చేసరికి అలా మారిందేమో అనుకుంది. ఇంతలో గాయకుడు ఆగి గిటార్ ఒక్కటే ముందుకొచ్చే సోలో వచ్చింది. మొదటి రెండు వరసలు వాయించి, మూడోదానికి ముందు ఆగింది. అక్కడ కాస్త ఆగడం ఈమధ్య ఆమెకు అలవాటు.

స్పీకర్లు ఆగలేదు.

భాను అరచేత్తో తీగలు అణిచి పట్టుకుంది. గిటార్ వినిపిస్తూనే ఉంది. తర్వాత రెండు చేతులూ తీసేసింది. గిటార్ బెల్టుకు వేలాడుతోంది, ఆమె చేతులు రెండు పక్కలా ఉన్నాయి. సోలో పైకి ఎక్కి, అక్కడ కాసేపు వణికి, కిందికి జారి, ఎక్కడా తప్పకుండా ముగిసింది.

“గిటార్ మంచిగున్నదయ్యా” అన్నాడు ముందు వరసలో పెద్దాయన, స్టేజి వైపు చూస్తూనే.

స్టేజి మీద నుంచి తిరుమల భానును చూశాడు. ఒక పదం మింగేశాడు. తర్వాతి పదం నుంచి మళ్లీ అందుకుని పాట పూర్తి చేశాడు.

*

కాలేజీలో ఒక తరగతి గది వీళ్లకు ఇచ్చారు. భాను గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టి కిటికీ దగ్గర నిలబడింది. సంపత్ వచ్చాడు. వెనకే వచ్చిన తిరుమల గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎప్పటి నుంచి?” అంది భాను.

సంపత్ బెంచీ మీది సుద్దపొడి తుడిచాడు. “ముందుగాల నువ్వు కూసో చెల్లె.”

“ఎప్పటి నుంచన్నా?”

“సత్తుపల్లి షో అయినంక.”

సత్తుపల్లి షో జరిగి ఏడాది దాటింది. ఆ తర్వాత వాళ్లు బోనకల్ వెళ్లారు, వేంసూరు వెళ్లారు, వైరా, పాల్వంచ, మణుగూరు తిరిగారు. ప్రతి షో ముందురోజు భాను పాత తీగలు విప్పి కొత్తవి బిగించేది. కొన్ని చోట్ల, తను వాయించింది ఎక్కడో తగిలి తిరిగి వచ్చినట్టు, రెండు గిటార్లు మోగుతున్నట్టు అనిపించి మంగీలాల్‌ను అడిగింది కూడా. వెనక గోడ ఉందక్కా, అందుకే అని చెప్పేవాడు. గోడే లేని పొలాల్లో కూడా అలా వినిపించింది. భాను రెండోసారి అడగలేదు.

“అందరికి ఎర్కేనా?”

గుమ్మంలోంచి తిరుమల వెళ్లిపోయాడు.

“ఎవరు వాయించిన్రు అది? హైదరాబాద్ నుంచి ఎవరినన్న పిలిపించినవా?”

“నువ్వే.”

భాను అర్థం కానట్టు చూసింది.

“అది నీ చెయ్యే భానూ. ఖమ్మంల స్టూడియోకి పోయినం, యాదికుందా? పిలిచేటోళ్లకు చూపిచ్చుకోనీకి పనికొస్తయని మన పాటలన్నీ ఒక్కొక్కటి రికార్డు చేసినం. గదే. వేరేటోళ్లది పెట్టి నీ పేరు చెప్పలే. గంత నీచం పని చెయ్యలే నేను.”

స్టూడియో సంగతి ఆమెకు గుర్తుంది. అది అమ్మకు పక్షవాతం రాకముందు. ఆ తర్వాత భాను చాలా నెలలు ఎక్కడికీ వెళ్లలేదు. గురవమ్మకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక మంచం పక్కనే కూర్చుని, ఆంప్ పెట్టకుండా, వట్టి తీగల మీద వాయించేది. గురవమ్మకు మాటలు మెల్లగా తిరిగి వచ్చాయి. ఒక మాట పలికి, ఆగి, వెతుక్కుని ఇంకో మాట పలికేది. ఆమె మాట్లాడబోతుంటే భాను వాయించడం ఆపేది. మాట వచ్చాక మళ్లీ అందుకునేది. అలా వాయించి వాయించి చెయ్యి మారిపోయింది. మళ్లీ ఆర్కెస్ట్రాలోకి వచ్చినప్పుడు సోలోల మధ్య ఖాళీలు వచ్చి చేరాయి. భానుకు అవి బాగున్నాయనిపించింది. జనానికీ బాగున్నాయనే అనుకుంది.

“సత్తుపల్లిల ఏమయింది?” అంది.

“ఏమైతది? పెండ్లికూతురు నాయిన మా పాట పాడుచేసిన్రు అన్నడు. పాటలో ఉన్నట్టు వాయించలేరా అండీ అని అందరి ముందల అడిగిండు. నువ్వు అన్నం కాడ ఉన్నవ్, నీదాక రానియ్యలే.”

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్త? ఇంట్ల అమ్మ గట్లుండె. నిన్ను తీసేసి ఇంకొకన్ని పెట్టుకోమని చెప్పినోళ్లు ఉన్నరు. తీసెయ్యబుద్ధి కాలే. స్టూడియోల చేసిన ఆ ట్రాక్ పెట్టిన. నువ్వు స్టేజి మీద ఉంటవ్, పని ఉంటది, పాట గూడ వాళ్లకు కావాలన్నట్టుంటది. ఎవరికి నష్టం?”

“తీసేసినా బాగుండు. నా చెయ్యి బాగలేదని నాకు తెలుస్తుండె. ఇంట్ల కూసొని సరిచేసుకుందును. ఇప్పుడేమయింది? ఇన్ని ఊర్లు తిరిగిన, ఒక్క ఊర్ల గూడ నన్ను ఎవ్వరు వినలే.”

సంపత్ చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాడు.

“ఫ్లెక్సీ మీద నా బొమ్మ కావాలె. నా చెయ్యి అక్కర్లే. గంతేగా అన్నా?”

“బొమ్మ కోసం గూడ. అబద్ధం ఎందుకు” అన్నాడు సంపత్. అతని గొంతు పెరగలేదు. “పెండ్లిళ్లల్ల ఇప్పుడు డీజే పెడుతున్నరు. ఆర్కెస్ట్రాని పిలిచేటోళ్లు ఎంతమంది మిగిలిన్రు? పిలిచినోళ్లకు గూడ ఫోన్ల విన్నట్టే కావాలె. ఒక్క తాన పేరు పోయిందంటే నాకొక్కనికే గాదు, తిరుమలకు, మంగీలాల్‌కు, అందరికి పొయ్యి ఆరిపోతది.”

“నేను వాయించేది గంత పాడుగుందా?”

సంపత్ గుమ్మం దగ్గరికి వెళ్లి మంగీలాల్‌ను కేకేశాడు. లాప్‌టాప్ తెమ్మన్నాడు. షో జరిగేటప్పుడు ఒక్కొక్కరి లైను విడివిడిగా రికార్డు అవుతుంది. స్పీకర్లలోకి పోనివి కూడా అందులో ఉంటాయి. మంగీలాల్ భాను మొహం చూడకుండా లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చాడు.

“వైరా షో. ముందు ట్రాక్ విను, తర్వాత నీది విను. నీకే అర్థమైతది” అన్నాడు సంపత్.

భాను రెండూ విన్నది. మొదటిది స్టూడియోలో వాయించిన భాను. శుభ్రంగా, తొందరగా, ఒక్క స్వరం కూడా కిందపడనివ్వకుండా వాయించింది. రెండోది వైరాలో, పాత ఆంప్ మూలుగుతో. ఇందులో ఖాళీలున్నాయి. ఒక ఖాళీ దగ్గర పాట ఊపిరి తీసుకుంది. ఇంకోచోట మాత్రం అది ఖాళీ కాదు. వేలు ఆలస్యంగా పడింది. ఆ ఆలస్యాన్ని కప్పుకోవడానికి తర్వాతి వరస తొందరపడింది. దాన్ని కూడా తను బాగుందనే అనుకుంటూ వచ్చింది. భాను ఆ చోటును వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. తప్పు తప్పే.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“ఒక తాన తప్పు పోయిన. తప్పు ఒప్పుకుంట” అంది. “తక్కినది తప్పు గాదు. అది నేను కావాలని వాయించింది.”

“కావాలని వాయించినవో, అనుకోకుండ వాయించినవో వినేటోనికి ఎట్ల తెలుస్తది చెల్లె?”

“వినిపిస్తె గదా తెలిసేది. ఇయ్యాల నా లైను తెరువు. ట్రాక్ పెట్టకు.”

“కాదు.”

“ఒక్క పాట.”

“ఒక్కటి గూడ కాదు. సంఘపోళ్లు ఇప్పుడే విని మంచిగుందన్నరు. పొద్దుగూకినంక వేరే తీరుగ వాయిస్తే ఏందిదని అడగరా?”

భాను గిటార్ మీద చెయ్యి వేసింది. “అయితే ఇందాక చేసినట్టే చేస్త. సోలో నడుస్తుంటె చేతులు తీసేస్త. అందరి ముందల.”

సంపత్ గుమ్మం వైపు ఒక అడుగు వేసి వెనక్కి తిరిగాడు.

“తీసెయ్” అన్నాడు. “తిరుమల పిల్లలు గూడ వచ్చి ముందల కూసుంటరు. వాళ్ల నాయిన దొంగ ఆర్కెస్ట్రాల పాడుతుండని వాళ్లకు తెలిసేటట్టు తీసెయ్. నేను ఆపను.”

అతను బయటికి వెళ్లిపోయాడు. ఆ పని భాను చేత కాదని అతనికి తెలుసు. భానుకూ తెలుసు.

*

మంగీలాల్ లాప్‌టాప్ మూసి, వైరు చుట్టుకుంటూ అక్కడే నిలబడ్డాడు. ఎంతకీ ఆ చుట్టడం పూర్తి కాలేదు.

“నువ్వన్న చెప్పొద్దా?” అంది భాను.

“చెప్దామనే అనుకున్న అక్కా. వైరాల షో అయినంక నీ దగ్గరికి వచ్చిన గూడ. నువ్వు మంచి ఖుషీగున్నవ్ ఆ పొద్దు. నోరు రాలే.”

“గోడ ఉన్నదని చెప్పినవ్ కదా.”

“అవ్.” అతను తల దించుకున్నాడు. “ఒక్క మాట చెప్తే నమ్ముతవా?” అన్నాడు.

భాను బల్ల మీది హెడ్‌ఫోన్లను అతని వైపు జరిపింది.

“స్పీకర్లల్లకే ట్రాక్ పంపిన. నా హెడ్‌ఫోన్లల్ల మాత్రం ఎప్పుడు నీ లైనే పెట్టుకున్న. మొదట్ల నువ్వు ట్రాక్‌తోని కలుస్తున్నవా లేదా అని చూసుకోనీకి పెట్టుకున్న. తర్వాత గట్ల అలవాటయింది. నువ్వు ఆగే తాన ఎప్పుడు ఎంతసేపు ఆగుతవో నాకు తెల్వదు. అందుకే వినబుద్ధైతది.”

భాను అతని వైపు తిరిగింది. ఏడాదిగా తనను ఎవరూ వినలేదని ఇందాక అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఒక మనిషి విన్నాడు. ఆ మనిషే తన లైను మూసిపెట్టాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలో వద్దో ఆమెకు తేలలేదు.

“ఇయ్యాల తెరుస్తవా?” అంది.

మంగీలాల్ బయటికి చూశాడు. వరండా చివర సంపత్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

“మొదటి పాటకే తెరుస్త” అన్నాడు మంగీలాల్. “సోలో రాకముందే ట్రాక్ కిందికి దించి నీది పైకి తీస్త. పాట నడుస్తుంటె అన్న కీబోర్డు ఇడిసిపెట్టి రాలేడు. తర్వాత తిడితే తిట్టనీ.”

“నీ పని పోతదేమో.”

“పోతే చూద్దాం. నువ్వు మాత్రం ఆ వైరా తప్పు మళ్ల పోకు అక్కా.”

భానుకు నవ్వు రాలేదు గానీ, చాలాసేపటి తర్వాత బెంచీ మీద కూర్చుంది.

*

పొద్దు దిగుతుండగా భాను కరకట్ట మీదికి వెళ్లింది. గోదావరిలో నీళ్లు తగ్గి ఇసుకమేటలు బయటపడ్డాయి. దూరంగా బ్రిడ్జి మీద లారీలు సారపాక వైపు వెళ్తున్నాయి. ఎడమచేతి వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలికి తగిలిస్తూ, వైరాలో ఆలస్యమైన ఆ వరసనే లోపల వాయించుకుంటోంది.

“ఫ్లెక్సీ మీద ఎర్ర చీర. ఇక్కడ నల్ల కుర్తా. కొంచెం సేపు పోల్చుకోలేకపోయిన” అని వెనక నుంచి గొంతు వినిపించింది.

ఫోన్‌లో విన్న గొంతే. శోభారాణికి యాభై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, భుజానికి బట్టసంచి ఉంది. భాను నమస్కారం పెట్టింది.

“మీరు షో టైముకి వస్తరనుకున్న మేడం.”

“ముందుగాల వస్తేనే మనిషితోని మాట్లాడనీకి వీలైతది. షో అయినంక అందరు సెల్ఫీలు దిగుతరు.” ఆమె కట్ట మీదున్న రాయి మీద కూర్చుంది. “నా బృందం సంగతి చెప్త. మేము సినిమా పాటలు వాయించం. కథలు చెప్పేటోళ్లు ఉన్నరు, పాడేటోళ్లు ఉన్నరు, వాళ్లతోని కలిసి ఊరూరు తిరుగుతం. కథ చెప్పేటాయన ఎక్కడ ఆగుతడో ఆయనకే తెల్వదు. పక్కన వాయించేటోళ్లు ఆయన తోని ఆగాలె.”

భాను వింటోంది.

“వైరాల నేను ముందల కుర్చీలల్ల కూసోలే. చుట్టాల పెండ్లి కదా, జనంల తప్పించుకోనీకి స్టేజి పక్కన, మెట్ల కాడ నిలబడ్డ. అక్కడ నీ ఆంప్ నాకు దగ్గర్నే ఉండె. పెద్ద స్పీకర్లల్ల ఒక గిటార్ వినపడుతుంది. ఆంప్‌ల ఇంకొక గిటార్ వినపడుతుంది. రెండు ఒక్కటే పాట. కానీ రెండు ఒక్కటి గాదు. ఒకామె ఎక్కడ ఆగకుండ ఉరుకుతుంది. ఇంకొకామె ఆగి ఆగి నడుస్తుంది. నా చెవులు ఖరాబైనయా అనుకున్న.”

భానుకు ఇవాళ మధ్యాహ్నం తెలిసిన సంగతి ఈ మనిషికి నెల కింద వైరాలోనే తెలుసు.

“నేను గింత దూరం వచ్చింది ఆ ఇద్దర్ల ఒక్కల కోసమే” అంది శోభారాణి. “నువ్వు వాళ్లల్ల ఎవరు?”

అబద్ధం చెప్పడం సులువే. స్పీకర్లలోది సౌండు వాళ్ల పొరపాటు అనొచ్చు. సంపత్‌ను తిట్టి తను బయటపడొచ్చు. భాను బ్రిడ్జి వైపు చూసింది. మళ్లీ ఆమె వైపు తిరిగింది.

“ఇద్దరు నేనే మేడం. స్పీకర్లల్లది మా అమ్మకు పక్షవాతం రాకముందటి నేను. ఆంప్‌లది ఇప్పటి నేను. రెండోదాన్ని మావోళ్లు మూసిపెట్టిన్రు. నాకు ఇయ్యాలనే తెలిసింది.”

శోభారాణి జాలిపడలేదు. ఆశ్చర్యపోయినట్టూ కనిపించలేదు.

“ఇయ్యాల ఎవరు వాయిస్తరు మరి?”

“నేనే వాయిస్త. ఇప్పటి నేను.”

“ఆగి నడిచేటామె ఒక తాన తడబడ్డది వైరాల” అంది శోభారాణి లేస్తూ.

“ఎర్కే మేడం. ఇయ్యాల విన్న.”

“విన్నవా? మంచిది. తడబడ్డందుకు నాకు పరేషాన్ లేదు. తడబడి దాచుకోనీకి ఉరికింది సూడు, అది నచ్చలే.” ఆమె సంచి సర్దుకుంది. “ఈసారి నేను మెట్ల కాడ నిలబడ. అందరితోని ముందల కూసుంట. స్పీకర్లల్ల ఏది వస్తే దాన్నే నువ్వనుకుంట. జల్దీ పో, పిలుస్తున్నట్టున్నరు.”

*

మైదానం నిండింది. లైట్లు వేశారు. వర్తక సంఘం అధ్యక్షుడి ఉపన్యాసం అయిపోయి, యాంకర్ ‘వెన్నెలవాగు’ పేరు చెప్పగానే ఈలలు లేచాయి. భాను పేరు చెప్పగానే ఇంకా గట్టిగా లేచాయి. ఆమె స్టేజి ఎక్కి, గిటార్ తగిలించుకుని, ఆంప్ ముందు మైకు సరిగా ఉందో లేదో చూసుకుంది. ముందు వరసలో తిరుమల భార్య, పిల్లలు కనిపించారు. వాళ్ల వెనక వరసలో శోభారాణి కూర్చుని ఉంది.

భాను తలెత్తి మైదానం మధ్యలో టెంటు వైపు చూసింది.

మిక్సర్ ముందు కుర్చీలో మంగీలాల్ లేడు. నల్ల చొక్కా తొడుక్కున్న వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. అతన్ని భాను ఎన్నడూ చూడలేదు. మంగీలాల్ టెంటుకు చాలా దూరంలో, వెదురుబొంగులు అడ్డంగా కట్టిన కంచె అవతల, జనంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి చూపించాడు.

ఆమె సంపత్ వైపు తిరిగింది. అతను కీబోర్డు మీద కళ్లు దించుకుని మీటలు సరిచూసుకుంటున్నాడు.

“పాల్వంచ నుంచి వచ్చిండు ఆయన. నేనే పిలిపిచ్చిన” అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా. “మంగీలాల్ మీద కోపం లేదు నాకు. రేపటి నుంచి మళ్ల వస్తడు. నువ్వు నవ్వు మొహం పెట్టు చెల్లె, అందరు చూస్తున్నరు.”

భాను నవ్వలేదు. ఎదురుగా ఇంతమంది జనం, చేతిలో గిటార్, దాని గొంతు ఈ స్టేజి చెక్కలు దాటి బయటికి పోదు. చేతులు తీసేస్తే పిల్లల ముందు తిరుమల పరువు పోతుంది. తియ్యకపోతే, శోభారాణి ఎవరి కోసమైతే రాలేదో ఆమెనే వింటుంది.

టెంటు కింద కొత్త మనిషిని, భాను మొహాన్ని చూసిన తిరుమల అప్పుడు కదిలాడు. పాడే మైకు అతని చేతిలోనే ఉంది. స్టేజికి ఓ పక్కన కోరస్ వాళ్ల కోసం పెట్టిన మైకు స్టాండు ఉంది. ఇవాళ కోరస్ పాడేవాళ్లు రాలేదు, అయినా సౌండ్ చెక్‌లో ఆ లైను కూడా తెరిచే పెట్టారు. తిరుమల ఆ స్టాండును ఎత్తి, చెక్కల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, భాను ఆంప్ ముందు నిలబెట్టాడు. వంగి, మైకు మూతిని ఆంప్ గుడ్డకు ఆనించాడు. లేస్తూ భాను వైపు చూశాడు గానీ, ఆ చూపు అక్కడ నిలపలేకపోయాడు.

“మా పిల్లలు వినాలన్నరు” అన్నాడు. “నిన్నే.”

నల్ల చొక్కా మనిషికి అది కోరస్ మైకు అనే తెలుసు. అతను దాన్ని ముట్టుకోలేదు. భాను బొటనవేలితో కిందితీగను ఒక్కసారి మీటింది.

మైదానం నాలుగు మూలలా, ఆ పెద్ద స్పీకర్లలో, చిన్న ఆంప్ గొంతు మోగింది.

కంచె అవతల మంగీలాల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సంపత్ నాలుగు అనగానే నల్ల చొక్కా మనిషి ట్రాక్ వదులుతాడు, మిక్సర్ దగ్గర దాన్ని ఆపేవాళ్లు లేరు. ఇంకొన్ని క్షణాల్లో జనానికి రెండు గిటార్లూ ఒకేసారి వినిపిస్తాయి, ఒకటి ఉరుకుతూ, ఇంకొకటి ఆగుతూ. ఆ సంగతి స్టేజి మీద అందరికంటే ముందు సంపత్‌కు అర్థమైంది. అప్పటికే అతను పాట ఎత్తుకోవడానికి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అన్నాడు. నాలుగు అనవలసిన చోట అతని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.